నిరుద్యోగి యెవడు?

జగ్గయ్యపేట మొదలు మైలవరము వఱకు గల మన మెట్టసీమలో ఏ పెండ్లిపందిటికి పోయినను, ఏ గృహప్రవేశమునకు పోయినను తప్పక వినబడు సంభాషణ యొకటి కలదు. “మీ వాడేం చేస్తున్నాడు, బావగారూ?” అని యొకరు అడుగుదురు. “ఏముంది, ఖాళీగా ఉన్నాడు” అని రెండవవారు తలవంచుకొని చెప్పుదురు. ఆ ఖాళీగా నున్నవాడు సరిగా ఆ సమయముననే పందిటిలో సాంబారు బకెట్టు చేతబట్టి వరుసవెంట వడ్డించుచుండును. లేదా వెనుకప్రక్కన ట్రాక్టరునుండి బియ్యపుబస్తాలు దింపుచుండును. వాని చేతిలోని బకెట్టు ఎవరికిని కనబడదు. వానికి నెలజీతము లేదు గనుక వాడు ఖాళీ. ఈ యొక్క మాటలో నెంత యన్యాయమున్నదో మన పాఠకులకు విన్నవింపవలెనని కొంతకాలముగా ననుకొనుచున్నాము.

జి.కొండూరు మండలమున పట్టభద్రుడైన యొక రైతుబిడ్డ దినచర్యను తీసికొందము. ఇట్టివారు ప్రతి గ్రామమునను ఉన్నారు. కావున పేరుతో పనిలేదు. ఇతడు తెల్లవారకమునుపే లేచి గేదెలకు మేతవేయును. పాలుపితికి క్యానుతో పాలకేంద్రమునకు చేర్చి, వెన్నశాతపు చీటిని జేబులో వేసికొని, అటునుండి అటే చేనికి పోవును. ప్రత్తి వేసినయేడు మందుకొట్టుట, మిరప వేసినయేడు నీరు కట్టుట, వేసవివచ్చినచో మామిడికాయ కోయించి నున్న మార్కెట్టుకు బండి కెక్కించుట వాని పనులు. తండ్రికి మోకాళ్ళనొప్పులు, కూలివానికి మజూరీ ఇచ్చుకొనలేరు, కావున ఇంటివాడే కూలివాడు. తొమ్మిదిగంటలకు ఇల్లుచేరి, చద్దియన్నము తిని, ఇస్త్రీచొక్కా తొడిగికొని, ధ్రువపత్రముల ప్రతులున్న ప్లాస్టికు సంచిని చంకబెట్టుకొని రోడ్డుమీదికి వచ్చును. తిరువూరునుండి వచ్చు బస్సు దొరకిన బస్సు, లేనిచో షేరుఆటో. కొండపల్లి, ఇబ్రహీంపట్నము, గొల్లపూడి మీదుగా బెజవాడ. దూరము ముప్పది కిలోమీటర్లకు మించదు. కాని పొలము గట్టునుండి కార్యాలయపు గుమ్మమువఱకు గల దూరమును కిలోమీటర్లతో కొలువరాదు.

పట్టణములో వాడు చేయునదేమి? ఒకచోట నెట్ సెంటరులో వరుసలో నిలువబడును. దరఖాస్తు నింపుటకు ఫోటో యింతకన్న చిన్నదిగా నుండవలె, సంతకము నల్లసిరాతో నుండవలె, కులధ్రువపత్రము, స్థానికతాపత్రము, పదవతరగతి పత్రము ఒక్కొక్కటియే ఎక్కింపవలె. మధ్యలో సర్వరు నిలిచిపోయిన మొదటికి రావలె. మఱియొకచోట, ఆటోనగరులోనో బెంజిసర్కిలు ప్రక్కసందులోనో, ఇంటర్వ్యూ అని పిలిచినవారు మధ్యాహ్నమువఱకు బల్లమీద కూర్చుండబెట్టి, నాలుగు ప్రశ్నలడిగి, “తెలియజేస్తాం” అని పంపివేయుదురు. తెలుగుభాషలో నింతకంటె నిర్దయమైన క్రియాపదము మఱియొకటి యున్నదేమో మే మెఱుగము. లేదని చెప్పిన మఱునాడు మఱియొక గడప త్రొక్కవచ్చును. తెలియజేతుమన్నచో వాడు పదిదినములు సెల్‌ఫోను చేతబట్టుకొని, నీళ్ళు కట్టునప్పుడు సయితము దానిని గట్టుమీద పెట్టి, చెవి అటువైపే యుంచి బ్రతుకవలెను. తెలియజేయువారు లేరు. ఒక్క కాగితపుముక్క, ఒక్క సందేశము, “మీకు ఈ కొలువు ఈయలేకపోయితిమి” అను నొక్క వాక్యము పంపుటకు ఎవరి బొక్కసము తఱిగిపోవును? ఉద్యోగ మీయలేకపోవుట నేరము కాదు. కాని యువకుల కాలమును ధరలేని వస్తువుగా చూచుట మాత్రము నేరమే.

సాయంకాలమునకు ఇల్లుచేరును. గేదెలు మఱల కాచుకొని యుండును. బస్సుచార్జీ, జిరాక్సు, ఫోటోలు, దరఖాస్తురుసుము, రెండుకప్పుల టీ. ఇవన్నియు ఉదయము పాలుపోసిన డబ్బులోనుండి పోయినవే. అనగా వాడు ప్రొద్దున సంపాదించి పగలు ఖర్చుపెట్టినాడు. ఇది పనిలేనివాని దినము!

పొలము దున్నిననాడు గింజ రాలదు. విత్తు చల్లిననాడును రాలదు. అయినను దుక్కిని పని యనుటకు మన రైతులలో నెవ్వరును సందేహింపరు. వానలు మొగముచాటు వేసి పంట పోయినయేడు సయితము, “ఆయన ఖాళీగా ఉన్నాడు” అని ఇరుగుపొరుగువా రనరు. “పాపము, కష్టపడినాడు, కాలము కలిసిరాలేదు” అందురు. ఉద్యోగము వెదకుట కూడ దుక్కియే. పత్రికలు చదువుట, దరఖాస్తులు పెట్టుట, పరీక్షకు చదువుట, ఊళ్ళు తిరుగుట, గుమ్మములయొద్ద నిలుచుట, ఇవి శరీరశ్రమయు మనశ్శ్రమయు కలిసిన పనులు. కాలము కలిసిరాని రైతునకు చూపు కనికరమును కాలము కలిసిరాని వాని కుమారునకేల చూపము?

ప్రభుత్వమువారి లెక్క మఱియొక విధము. కేంద్రప్రభుత్వము 2017 నుండి శ్రామికబలగపు గణనమును ఎడతెగక జరుపుచున్నది. అందలి వారపులెక్క ప్రకారము, గడచిన ఏడుదినములలో ఏ యొక్కదినమున నైనను ఒక్కగంట పనిచేసినవాడు పనిలో నున్నవాడే. తన యింటి సేద్యములో కూలి లేక తోడ్పడినవాడును పనివాడే. ఇది దేశదేశములందు వాడుకలో నున్న పద్ధతియే. లెక్క అబద్ధమని మే మనుట లేదు. కాని దాని ఫల మెట్లున్నదో చూడుడు. మన రైతుబిడ్డ ఢిల్లీ పుస్తకములలో పనిగలవాడు; జి.కొండూరు రచ్చబండమీద పనిలేనివాడు. పాలు పితికినందున ప్రభుత్వము వానిని నిరుద్యోగుల పట్టికనుండి కొట్టివేసినది. జీతము తేనందున ఊరు వానిని పనివారి పట్టికనుండి కొట్టివేసినది. రెండు పట్టికలమధ్య పడిపోయిన వాని కష్టమును మోయువారు వాని తల్లిదండ్రు లొక్కరే.

ఆడపిల్లల సంగతి యింకను వింత. ఆమెను ఖాళీగా నున్నదని కూడ ననరు. “ఇంట్లో ఉంది” అందురు, అంతటితో సరి. ఆమె బి.ఇడి. చదివి యుండవచ్చును, మిరపకోతల నెలలలో ప్రొద్దుననుండి వంగి కాయ కోసి, చేతుల మంట చల్లాఱకమునుపే రాత్రి పుస్తకము తెఱచి యుండవచ్చును. పరీక్షాకేంద్రము పరజిల్లాలో పడినచో వెంట పోవుటకు మగదిక్కు కావలె, అతని కూలి పోవును, ఇద్దఱి చార్జీలగును. ఏ యధికారి లెక్కలోనైనను ఈ రెండవ చార్జి చేరినదా? కేంద్రములను దూరముగా వేయువారు దీనిని పురుషుల మనస్సుతో నాలోచించి వేయుచున్నారని మేము స్పష్టముగ చెప్పుచున్నాము.

మన సీమ యీ స్థితికి వచ్చుట ఒక్కనాటిది కాదు. బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియైనది. నీరు దిగువకు పాఱినది. దివి, గుడివాడ, బందరు ప్రాంతములలో వరి పండినది. వరి పండినవారి పిల్లలు చదివిరి. చదివినవారు కొలువులు పొందిరి. కొలువు పొందినవారు తమ తమ్ములకును బావమఱదులకును దారి చూపిరి. ఆనకట్టకు ఎగువనున్న మనకు నది కనబడుటయే గాని పొలములోనికి రాలేదు. జొన్నయు కందియు పండించుకొని వానకై మొగమెత్తి చూచితిమి. తరువాత ముక్త్యాలరాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు నందికొండ ప్రణాళికకై పడిన పాట్లు మన ప్రాంతమువారు మఱవరానివి. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. ఎడమకాలువ నీరు జగ్గయ్యపేట, నందిగామ, తిరువూరు ప్రాంతములకు వచ్చినది; కాని మనది కాలువచివఱి భూమి. పైవారు త్రాగినపిదప మిగిలినదే మనకు. దిగువసీమ ముందు బయలుదేఱిన నూఱేండ్ల పరుగును మనము ఒక్క తరములో నందుకొనవలెనని చూచుచున్నాము.

రావలసిననీరు రాకున్నను, రాగూడనినీరు మాత్రము వచ్చును. 2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు పొంగి, వెలగలేరు నియంత్రకము తలుపులెత్తుటయు, మండలములోని కట్టలు తెగుటయు, బెజవాడ సింగునగరు మునుగుటయు దేశమంతయు చూచినది. వెలగలేరు జి.కొండూరు మండలములోనిదే. నగరము మునిగినప్పుడు కడుపుకూటి దినకూలులు, దుకాణములలో నెలకు చాలీచాలని జీతమునకు కుదిరినవారు పనులు పోగొట్టుకొనిరి. వారిలో నధికులు ప్రతిదినము మన యూళ్ళనుండి ఆటోలలో పోవువారే. వరదసాయము ఇల్లు మునిగినవారికి వచ్చెను. పని మునిగినవారిని లెక్కించినవారు లేరు.

ఈ విషయమున ఉపదేశకులకు కొఱతలేదు. “సర్కారుకొలువులకై ఏల ప్రాకులాడుట? స్వతంత్రవృత్తి చేపట్టరాదా?” అని సభలలో చెప్పువా రున్నారు. చెప్పువారి కుమారు లెచ్చట నున్నారో విచారించిన, కొందఱు సచివాలయములోను, కొందఱు డాలసులోను దేలుదురు. చేతిపనుల గౌరవము మాకు తెలియనిది కాదు. 1910లో బందరున ఆంధ్రజాతీయకళాశాల వెలసినప్పుడు కోపల్లె హనుమంతరావుగారు మొదలగు పెద్దలు అక్షరవిద్యతోపాటు చేతిపనిని నేర్పవలెనని పూనుకొనిరి. ఆ పూనిక గొప్పది. కాని వారు పిల్లవానికి ముందు పనిముట్టును, నేర్పుగురువును, కూర్చుండుటకు శాలను ఇచ్చిరి. పిదప స్వాతంత్ర్యమును గూర్చి మాటలాడిరి. నేటి యుపదేశకులు మాట నొక్కదానినే ఇచ్చుచున్నారు. బ్యాంకువాడు పొలము కాగితము లడుగును. తండ్రి పేరనున్న రెండెకరములు ఇదివఱకే తాకట్టులో నుండును. స్వతంత్రవృత్తి యెక్కడినుండి రావలెను?

సర్కారుకొలువుపై నింత యాశ యేల యని యడుగువారు కొంచెము లోతుగా చూడవలెను. ఒకటవ తేదీన జీతము వచ్చుననుట, జబ్బుచేసిన చూచుకొనువారుందురనుట, పెండ్లిసంబంధమువారు గడప త్రొక్కుదురనుట, ఇవి చిన్నవి కావు. వాన, పురుగు, మార్కెట్టు మూడింటితో జూదమాడిన యింట పుట్టినవాడు జూదము లేని బ్రతుకును కోరుట యాశ్చర్యమా? 2019లో గ్రామ, వార్డు సచివాలయముల కని లక్ష యిరువదియాఱువేలకు పైగా కొలువులు ప్రకటింపగా ఇరువదిలక్షలకు మించి దరఖాస్తులు వచ్చినవి. ఉపాధ్యాయ నియామకముల చరిత్రము చూడుడు. 2018లో నొక ప్రకటన. తరువాత ఆఱేండ్లు కాచుకొనగా 2024 ఫిబ్రవరిలో 6,100 కొలువులకని మఱియొకటి వచ్చినది. ప్రభుత్వము మాఱినది, ఆ ప్రకటన రద్దైనది. 2025 ఏప్రిలులో 16,347 కొలువులకు వేఱొకటి వచ్చినది. దానికి మూడులక్షల ముప్పదివేలకు పైగా అభ్యర్థులు నిలిచిరి. ఇరువదిమందిలో నొక్కనికి దొరకినది. దొరకినవారి సంతోషమును మేము పంచుకొందుము. మిగిలిన పందొమ్మండుగురు చదువనివారా, సోమరులా? 2018లో ఇరువదియైదేండ్ల వాడు 2025నాటికి ముప్పదిరెండేండ్ల వాడైనాడు. ఆ యేండ్లను ఏ ఖజానా తిరిగి చెల్లించును?

ఇక్కడ మన భాషలోని యొక చిత్రమును చెప్పక పోలేము. సంస్కృతమున ఉద్యోగ మనగా ప్రయత్నము, పూనిక. భారతమున ఉద్యోగపర్వము కలదు గదా! పాండవులు తమ పాలు తాము పొందుటకై చేసిన యత్నమే యుద్యోగము. అది రాజ్యప్రాప్తి కాదు. మనవారు క్రమముగా ప్రయత్నము పేరును ఫలమునకు పెట్టిరి. నెలజీతమునకే ఉద్యోగ మను పేరు నిలిచినది. పాతయర్థమున చూచినచో, పొద్దస్తమానము యత్నించుచు తిరుగు మన రైతుబిడ్డయే నిజమైన ఉద్యోగి. కుర్చీలో కునుకు తీయువాడు నిరుద్యోగి. నిఘంటువు మనపక్షమున నున్నది. నిఘంటువు అన్నము పెట్టదనుట కూడ మే మెఱుగుదుము.

రాత్రి భోజనమైనపిదప ఈ యువకుడు డాబామీద చాపవేసికొని సెల్‌ఫోను తెఱచును. పెద్దలకు కోపము వచ్చునది ఈ ఘట్టముననే. “చూడు, ఎప్పుడు చూసినా ఆ ఫోనే” అందురు. ఏమి చూచుచున్నాడో వంగి చూచినవారు తక్కువ. అందఱును కొత్తపాటల చిందులే చూతురనుకొనుట పొరబాటు. మన యూళ్ళ యువకులలో పెక్కుమంది రాత్రిపూట మాయాబజారు చూతురు; ఘంటసాల పాటలు విందురు; శ్రీకృష్ణరాయబారపు పద్యములు పెట్టుకొని రాగముతో తల యూపుదురు. 1957లో వచ్చిన చిత్రమును, దానికంటె పూర్వపు నాటకపద్యములను, ఆ తరమునకు తాతలైనవారి వినోదమును వీరేల కోరవలెను? మాకు తోచిన కారణము సామాన్యమైనది. రే పేమగునో తెలియనివానికి, చివఱ నేమగునో తెలిసిన కథ కొంత యూఱట. ఘటోత్కచుడు పెండ్లిలో గందరగోళము చేయును, శశిరేఖ అభిమన్యునకే దక్కును. ఇది నూఱవసారి చూచినను తప్పదు. పగలంతయు “తెలియజేస్తాం” అను మాట విన్నవాడు, రాత్రి యీ నిశ్చయమును కోరుట సోమరితనము కాదు, మనోవైద్యము. ఇంటి దూలమునకు వ్రేలాడిన రేడియోను తండ్రులు వినలేదా? 1948 డిసెంబరు 1న బెజవాడ ఆకాశవాణి కేంద్రము మొదలైనపిమ్మట ఆదివారపు నాటకమునకు ఇంటిల్లిపాదియు పని మాని కూర్చుండిన కాలమును నేటి తాతలు మఱచినారా?

కాని యీ వినోదమును గూర్చి మాకొక్క బాధ కలదు. అది యువకులపై కాదు. వాడు సెల్‌ఫోనులో వినుచున్న రాయబారపు పద్యము జి.కొండూరునకు పొరుగుననే, మైలవరములో, ఒకప్పుడు బ్రతుకుదెరువు. ఇరువదవ శతాబ్ది తొలిదశకములలో మైలవరము జమీందారుల పోషణమున వెలసిన నాటకసమాజము ఆంధ్రదేశమంతట ‘మైలవరముకంపెనీ’ యని ప్రఖ్యాతి కెక్కినది. యడవల్లి సూర్యనారాయణగారివంటి నటులందు ఆడిరి. పాపట్ల కాంతయ్యగారు కట్టిన వరుసలు ఊరూర మ్రోగినవి. కంపెనీ యనగా నటు లొక్కరే కారు. హార్మోనియము వాయించువాడు, తబలావాడు, తెరలు వ్రాయువాడు, కిరీటములకు పూత పూయువాడు, దుస్తులు కుట్టువాడు, పెట్టెలు మోయువాడు, వంటవాడు, ముందుగా ఊరికి పోయి కరపత్రములు పంచువాడు, ఇందఱికి నెలనెల జీతము. మెట్టసీమలోని యొక చిన్న సంస్థానపు ఊరు వినోదమును ఉత్పత్తి చేసి దేశమునకు పంపినది. తరువాత సినిమా వచ్చినది. 1932లో విడుదలైన భక్తప్రహ్లాద తొలి తెలుగు టాకీ. నటులు మదరాసు పోయిరి. సినిమాహాలు వచ్చినప్పుడు టిక్కెట్టు చింపువాడు, యంత్రము త్రిప్పువాడు, సోడాలమ్మువాడు ఊరిలోనే మిగిలిరి. ఇప్పుడు హాళ్ళును కల్యాణమంటపములుగా మాఱుచున్నవి. వినోదము మునుపటికంటె నెక్కువైనది. వినోదమువలన మన యూరిలో నన్నము తిను చేతులు మాత్రము తగ్గిపోయినవి. రాయబారము నడుమ వచ్చు ప్రకటనకు కూలి ముట్టునది సముద్రములకావల. మన పద్యము, మన రాత్రి, మన కన్ను. రాబడి పరదేశపు కంపెనీది. స్వదేశీయమును గూర్చి మాటలాడువారు ఖద్దరుతో నాగక ఇటువంటివానిని కూడ చూడవలెను.

దీనికి మందు లేకపోలేదు. పద్యనాటకము చావలేదు, చంపబడుచున్నది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకును, ఊరూర శ్రీరామనవమి పందిళ్ళకును చందాలు లక్షలలో వసూలగుచున్నవి. అందులో గుండె లదరు డీజే పెట్టెలకు పోవుసొమ్ములో సగము పద్యనాటక కళాకారులకు పోయినచో, మన జిల్లాలోనే వందలకొలది కుటుంబములకు కొన్నినెలల గ్రాసము. ఉత్సవసంఘములలో నున్నది ఈ యువకులే. తాము రాత్రి డాబామీద వినుదానిని పందిటిలో నేల పిలిపింపరో వారినే అడుగుచున్నాము.

కొండపల్లి బొమ్మల మాటయు ఇట్టిదే. తెల్లపొణికి కఱ్ఱను కాచి, చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అంగములతికి, సుద్దపూసి రంగులు దిద్దు విద్య మన గడపలోనే యున్నది. భౌగోళిక గుర్తింపు వచ్చినది, మంత్రులకు బహూకరించుట కవి కావలెను, విమానాశ్రయములలో అమ్మకమునకు కావలెను. ఆ వీథిలోని పిల్లలు మాత్రము తండ్రిప్రక్కన కూర్చుండక ప్రొద్దుననే బస్సెక్కుచున్నారు. వారిని మేము నిందింపము. అంబారీయేనుగును చెక్కిన దినముకంటె దుకాణములో నిలుచున్న దినము ఎక్కువ కూలి తెచ్చినచో ఎవరు చెక్కుదురు?

మఱి యేమి చేయవలెను? కోటికొలువులు పుట్టించు మంత్రము మాయొద్ద లేదు. ఎన్నికలవేళ నది యున్నదని చెప్పువారిని నమ్మవలదనియు మా మనవి. చేయదగినవి చిన్నపనులే. పరీక్షలకు తేదీలపట్టిక నొకదానిని ప్రకటించినచో దానిని ప్రభుత్వము మాఱినను మాఱని ఋణపత్రముగా నెంచవలెను. రద్దైన ప్రకటనకు కట్టిన రుసుము అడుగకమునుపే తిరిగి జమచేయవలెను. ఇబ్రహీంపట్నపు విద్యుత్కేంద్రము 1979నుండి వెలుగులు పంచుచున్నది. కొండపల్లి పారిశ్రామికవాడ, ముక్త్యాల జయంతిపురముల సిమెంటు కర్మాగారములు మన నేలమీదనే యున్నవి. వీనియందు ఖాళీ యేర్పడినట్లు పొరుగూరివానికి తెలియునది ఎట్లు? మేస్త్రీ బావమఱది చెప్పినచో తెలియును. ఖాళీలను ఉపాధికల్పనా కార్యాలయమునకు తెలుపవలెనని 1959 చట్టము విధించినది గాని, అక్కడినుండియే తీసికొనవలెనని విధింపలేదు. 2020 నాటి సాంఘికభద్రతా స్మృతి ఆ పాతచట్టమును తనలో కలుపుకొన్నది. చట్ట మెట్లున్నను, ప్రతి కర్మాగారము తన ఖాళీలను చుట్టుప్రక్కల పంచాయతీ కార్యాలయపు గోడమీద తెలుగున అంటించుటకు కావలసినది ఒక కాగితము, కొంచెము జిగురు.

ఇక పఠనాలయములు. 1914 ఏప్రిలులో బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై సంఘము నేర్పఱచుకొనిననాడు, అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఊరూర గ్రంథభాండాగారమును కలగనిరి. నేడు మన మెట్టసీమ గ్రంథాలయములలో మధ్యాహ్నమువేళ బల్లలన్నియు పోటీపరీక్షలకు చదువు యువతీయువకులతో నిండియుండును. పత్రిక చదువుకొన వచ్చిన వృద్ధులు చోటులేక విసుగుకొనుచున్నారు. వారిని కోరుచున్నాము: విసుగుకొనవలదు, ఆ కుర్చీలను వారికి విడువుడు, పత్రికను అరుగుమీద చదువుకొనవచ్చును. విచారింపదగినది వేఱొకటి. పగలు పొలములోను పట్టణములోను తిరిగినవానికి చదువుకొన వీలగునది రాత్రి; రాత్రికి ఆ తలుపులు మూసియుండును. ఇంటిపన్నుతోపాటు రూపాయికి ఎనిమిదిపైసల గ్రంథాలయపన్ను మనము చెల్లించుచునే యున్నాము. వసూలుచేసినదానిని స్థానికసంస్థలు జిల్లాగ్రంథాలయసంస్థకు జమకట్టక బకాయిపడుట తఱుచు వినబడుచున్నది. మన పాఠకులు తమ తమ పంచాయతీలలో నీ సంవత్సరపు గ్రంథాలయపన్ను ఎంత వసూలైనది, ఎంత జమయైనది యని వ్రాతమూలకముగ నడుగవలెను. సమాచారహక్కు చట్టముక్రింద నా దరఖాస్తునకు రుసుము గ్రామస్థాయిని లేనేలేదు. జమయైన సొమ్ముతో మైలవరము, జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేటలలో నొక్కొక్క పఠనాలయపు తలుపు రాత్రి పదిగంటలవఱకు తెఱచి, రెండు దీపములు, ఒక పంకా, త్రాగుటకు నీరు, కాపలాకు ఒక మనిషిని ఏర్పఱుపవచ్చును. ఆ కాపలామనిషి కొలువుకు సయితము దరఖాస్తు చేయువారు మన యూళ్ళలో నున్నారు.